బెర్లిన్ విజయస్తంభం (టీర్‌గార్టెన్ పార్కు): సొరంగం దారి, 285 మెట్లు, కింద వదిలేయకూడనివి

బాటసారి:
టీర్‌గార్టెన్ పార్కు నడిమధ్యన ఉన్న విజయస్తంభం (జీగెస్‌జోయ్‌లె) చూడ్డానికి ఒక్క పూట సమయం ఉంది. వెళ్ళేది నలుగురు. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఇంకొకరికి ఎత్తంటే భయం. అడగాల్సినవి నాలుగు. చుట్టూ కార్లు తిరుగుతుంటే మధ్యలోకి వెళ్ళేదెలా? లిఫ్టు ఉందా? పైకి ఎక్కకపోతే వెళ్ళడం దండగా? పొద్దున మేలా, సాయంత్రం మేలా?

మెట్లలెక్క:
లిఫ్టు లేదు. 285 మెట్లు, కాళ్ళే దిక్కు. పైన నిలబడే చోటు నేలకు 51 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి భాగిస్తే మెట్టుకు 18 సెం.మీ. పడుతుంది. ఇంట్లో మెట్టంతే, అంటే మెట్టు ఎత్తుతో పేచీ లేదు. పేచీ అంతా మెలికతోనే. మెట్లు స్తంభం లోపల గుండ్రంగా తిరుగుతూ పోతాయి. లోపలి అంచున మెట్టు సన్నం, బయటి గోడ వైపు వెడల్పు. దగ్గర దారి కదా అని చాలామంది లోపలి వైపే పట్టుకుని ఎక్కుతారు. అక్కడ పాదం సగమే ఆనుతుంది, పిక్కల మీద బరువు పడుతుంది, వందో మెట్టుకే కాళ్ళు లాగుతాయి. గోడ పక్కన పాదం మొత్తం ఆనించి ఎక్కండి.

నిమిషానికి 40 మెట్లు అనుకుంటే 7 నిమిషాల పని. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగితే 10–12. మొదటి వంద మెట్లు కావాలని నెమ్మదిగా ఎక్కండి. కింద ఉత్సాహంగా పరుగెత్తినవాళ్ళే మధ్యలో దారికి అడ్డంగా కూలబడతారు.

స్ప్రీగట్టు:
మొదటి ప్రశ్నకు జవాబు: సొరంగం. స్తంభం ఉన్న కూడలి పేరు గ్రోసర్ ష్టెర్న్, అంటే పెద్ద నక్షత్రం. 200 మీటర్ల అడ్డుకొలత ఉన్న వలయం. 17 జూన్ వీధి తూర్పు నుంచి వచ్చి పడమటికి పోతుంది. అది రెండు కొమ్మలు. ఆల్టోనాయర్, ష్ప్రేవేగ్, హోఫ్‌యేగర్‌ఆలే అనే వీధులు తక్కిన మూడు. కార్ల మధ్యలోంచి వలయం నడుమ స్తంభం ఉన్న దీవిలోకి పరుగెత్తే సాహసం చేయొద్దు. వలయం అంచున చిన్న గుడి మండపాల్లాంటి నాలుగు రాతి కట్టడాలు కనిపిస్తాయి. అవే సొరంగాల ముఖద్వారాలు. వాటిని కూడా ఏవో స్మారకాలే అనుకుని పక్కనుంచి నడిచిపోతారు, తర్వాత దారి ఎక్కడని వెతుక్కుంటారు.

ఇంకో మాట. సొరంగంలోంచి బయటపడ్డాక దిక్కు తప్పడం మామూలే. దీవి మీద ఎటు చూసినా ఒకే తీరుగా ఉంటుంది. దిగేటప్పుడే ఏ ముఖద్వారంలోంచి దిగారో, దాని పక్క వీధి పేరేమిటో గుర్తు పెట్టుకోండి. లేకపోతే తిరుగు దారిలో వలయానికి ఆవలి పక్కన తేలి, బస్టాపు కోసం సగం వలయం చుట్టి రావాలి. 200 మీటర్ల అడ్డుకొలతకు సగం చుట్టు అంటే 300 మీటర్లకు పైనే.

బస్సులు: 100, 106, 187 మూడూ గ్రోసర్ ష్టెర్న్ దగ్గర ఆగుతాయి. 100 నంబరు ఆలెక్సాండర్‌ప్లాట్స్ నుంచి ఉంటర్ డెన్ లిండెన్ వీధి, రైఖ్‌స్టాగ్ (పార్లమెంటు భవనం), బెల్‌వ్యూ ప్రాసాదం మీదుగా వస్తుంది. రెండంతస్తుల బండి దొరికితే పై అంతస్తు ముందు సీటు పట్టుకోండి. రైల్లో అయితే మెట్రో 9వ లైన్‌లో హాన్సాప్లాట్స్ దిగి పార్కులోంచి 10 నిమిషాలు నడక. బెల్‌వ్యూ స్టేషన్ కొంచెం దూరం, టీర్‌గార్టెన్ స్టేషన్ ఇంకొంచెం దూరం. ఊళ్ళోనే బస కాబట్టి ఏబీ జోన్ టిక్కెట్టు సరిపోతుంది. బస్సులో ఆరు స్టాపుల లోపు, బండి మారకుండా అయితే చిన్న దూరం టిక్కెట్టు చాలు. కాగితం టిక్కెట్టు మీద ముద్ర కొట్టించడం మరవొద్దు. ముద్ర లేని టిక్కెట్టు అక్కడ టిక్కెట్టే కాదు, జరిమానా 60 యూరోలు.

రాతిచూపు:
“పైకి ఎక్కకపోతే దండగా?” అన్నదానికి: నన్నడిగితే ఎక్కి, కింద చూడకుండా వచ్చేయడమే దండగ. కథంతా పీఠం దగ్గరే ఉంది. టిక్కెట్టు మెట్లకే, దీవి మీద పీఠం చుట్టూ తిరగడానికి కాదు.

చూడాల్సిన వరుస చెప్తాను. పీఠం ఎర్ర గ్రానైట్, నునుపు పట్టించినది. నాలుగు వైపులా నాలుగు కంచు ఉబ్బెత్తు శిల్పాలు. ఒకటి 1864లో డెన్మార్క్‌తో యుద్ధం, కాలాండ్రెల్లి చేసింది. రెండోది 1866లో ఆస్ట్రియా మీద కోనిగ్‌గ్రెట్స్ పోరు, మోరిట్స్ షుల్స్‌ది. మూడోది 1870–71 ఫ్రాన్స్ యుద్ధం, కార్ల్ కైల్ పని. నాలుగోది గెలిచిన సేన 1871లో బెర్లిన్‌కు తిరిగి రావడం, ఆల్బర్ట్ వోల్ఫ్ చేతిపని. ఏది ఏదో తేల్చుకోవడానికి నేపథ్యంలోని కట్టడాలు చూడండి. పారిస్ విజయతోరణం కనబడితే అది మూడోది, బ్రాండెన్‌బుర్గ్ గేటు కనబడితే నాలుగోది.

ఇక దగ్గరికి వెళ్ళి చూడండి. కొన్ని బొమ్మలకు తలలుండవు, చేతులుండవు, తూటాల రంధ్రాలుంటాయి. పాలిష్ చేసిన గ్రానైట్ మీద కూడా గుంతలు, అతుకులు ఉన్నాయి. అవి 1945లో బెర్లిన్ కోసం జరిగిన పోరు గుర్తులు. ఆ తర్వాత, యుద్ధం గెలిచి ఊళ్ళోకి వచ్చిన ఫ్రెంచివాళ్ళు ఈ శిల్పాలను ఊడదీశారు. తమ ఓటమి బొమ్మ ఇంకొకరి రాజధానిలో వేలాడటం ఎవరికి ఇష్టం? 1980లలో తిరిగొచ్చాయి. 1987లో బెర్లిన్ 750 ఏళ్ళ ఉత్సవానికి మళ్ళీ బిగించారు. పోయిన ముక్కల్ని కొత్తగా పోతపోసి అతికించకుండా అలాగే వదిలేయడం మంచి నిర్ణయం. గెలుపు గొప్పలు చెప్పుకునే శిల్పం మీద ఓటమి దెబ్బలు పక్కపక్కనే కనిపిస్తాయి.

బాటసారి:
బంగారు రంగు ఫిరంగి గొట్టాలు నిజం ఫిరంగులేనా, అలంకారం కోసం చేసినవా?

రాతిచూపు:
నిజం ఫిరంగులే. మూడు యుద్ధాల్లో డెన్మార్క్, ఆస్ట్రియా, ఫ్రాన్స్ సేనల నుంచి పట్టుకున్నవి. బంగారు పూత పూసి, స్తంభం ఇసుకరాయి దిమ్మల నిలువు గాళ్ళలో నిలబెట్టారు. కింద నుంచి చూస్తే గొట్టాల్లా అనిపించవు, ఏదో బంగారు చారలనుకుంటాం. దీవి అంచుకు జరిగి, మెడ ఎత్తి, ఒక్కో దిమ్మనూ విడిగా చూస్తే గొట్టాల ఆకారం తెలుస్తుంది. చిన్న బైనాక్యులర్ ఉంటే ఇక్కడ అక్కరకొస్తుంది.

పాతపటం:
రాతిచూపు గారు చెప్పినదానికి ఒక్క సవరణ కాదు, చేర్పు. ఫిరంగులున్న దిమ్మలు మూడే. నాలుగో దిమ్మ మీద బంగారు ఆకుల దండలుంటాయి, ఫిరంగులుండవు. అది 1873 నాటిది కాదు. ఇప్పుడు మనం చూసే స్తంభాన్ని 1873 స్తంభం అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

మొదటి నుంచి చెప్తాను. 1864లో డెన్మార్క్‌ను గెలిచాక ప్రష్యా (బెర్లిన్ రాజధానిగా ఉన్న జర్మన్ రాజ్యం) దీన్ని తలపెట్టింది. రూపకర్త హైన్రిష్ ష్ట్రాక్. పని సాగుతుండగానే 1866లో ఆస్ట్రియా, 1870–71లో ఫ్రాన్స్ ఓడిపోయాయి. ఒక్క యుద్ధానికి మొదలుపెట్టిన గుర్తు మూడు యుద్ధాలకు చాలాల్సి వచ్చింది. మూడు దిమ్మలు అందుకే, పైన అంత పెద్ద బంగారు విజయదేవత విగ్రహం కూడా అందుకే. ఆవిష్కరణ 1873 సెప్టెంబర్ 2, అంటే ఫ్రాన్స్ మీద సెడాన్ దగ్గర గెలిచిన విజయం మూడో వార్షికోత్సవం నాడు.

కానీ ఇక్కడ కాదు! అప్పటి కోనిగ్స్‌ప్లాట్స్‌లో, ఇప్పుడు రైఖ్‌స్టాగ్ ముందున్న పచ్చిక మైదానంలో, అంటే ప్లాట్స్ డెర్ రిపబ్లిక్‌లో. రైఖ్‌స్టాగ్ భవనం పూర్తయింది 1894లో. పాత ఫోటోల్లో స్తంభం పార్లమెంటు ఎదుట కనిపిస్తుంటే అది అచ్చు పొరపాటు అనుకోకండి. 1938–39లో నాజీలు తమ కొత్త రాజధాని పథకం కోసం విప్పి ఇక్కడికి తెచ్చారు. గ్రోసర్ ష్టెర్న్ వలయాన్ని 80 మీటర్ల నుంచి 200 మీటర్లకు పెంచారు. పెరిగిన వలయంలో పాత స్తంభం పొట్టిగా కనబడుతుందని నాలుగో దిమ్మ చేర్చి సుమారు 7.5 మీటర్లు ఎత్తు పెంచారు. ఇప్పుడు విగ్రహంతో కలిపి 67 మీటర్లు. స్ప్రీగట్టు గారు చెప్పిన నాలుగు సొరంగం మండపాలు కూడా ఆ కాలానివే, హిట్లర్ వాస్తుశిల్పి ఆల్బర్ట్ ష్పేర్ గీసినవి. 17 జూన్ వీధి పొడవునా ఉన్న జంట దీపాల స్తంభాలూ ఆయన గీసినవే. వీధి పేరు మాత్రం తర్వాతది, 1953 జూన్ 17న తూర్పు బెర్లిన్‌లో జరిగిన తిరుగుబాటు గుర్తుగా పెట్టింది.

కాబట్టి ఒక్క చోట నిలబడి రెండు కాలాలను విడదీసి చూడొచ్చు. ఫిరంగులు, దేవత, శిల్పాలు సామ్రాజ్యం నాటివి. స్థలం, ఎత్తు, సొరంగాలు, వీధి వెడల్పు నాజీల నాటివి. ఈ తేడా తెలియకుండా చూస్తే సగమే చూసినట్టు.

దూరదృష్టి:
పాతపటం గారూ, ఉత్తరం పక్క విగ్రహాలను వదిలేశారే!

పాతపటం:
నిజమే. వలయం ఉత్తరపు అంచున చెట్ల ముందు, ఆ యుద్ధాల నాటి ప్రభుత్వాధినేత బిస్మార్క్ స్మారకం ఉంది, రైన్‌హోల్డ్ బేగాస్ చేసింది, 1901. దానికి అటూ ఇటూ సేనాపతి మోల్ట్‌కె, యుద్ధమంత్రి రోన్. ఈ ముగ్గురూ స్తంభంతో పాటే కోనిగ్స్‌ప్లాట్స్ నుంచి వచ్చారు. అటువైపు ముఖద్వారంలోంచి బయటికొస్తే ఐదు నిమిషాల్లో చూసేయొచ్చు. బిస్మార్క్ పీఠం చుట్టూ ఉన్న బొమ్మలే అసలు పనితనం. ఆయన ముఖం మీద కంటే వాటి మీద ఎక్కువ సేపు పెట్టండి.

చలువరాయి:
మొజాయిక్ గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదు. పీఠం మీద గుండ్రటి స్తంభాల మండపం ఉంది కదా, 16 స్తంభాలు. దాని లోపలి గోడంతా చుట్టూ గాజు మొజాయిక్. బొమ్మ గీసింది ఆంటోన్ ఫోన్ వెర్నర్, గాజు ముక్కల పని వెనిస్‌లోని సాల్వియాతి వాళ్ళది. విషయం ఫ్రాన్స్ యుద్ధం, జర్మన్ సామ్రాజ్యం ఒక్కటి కావడం. కింద నుంచి స్తంభాల సందుల్లోంచి రంగులు తునకలు తునకలుగా కనిపిస్తాయి, కథ అందదు. దగ్గరగా చూడాలంటే లోపలికే వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కూడా ఈ మండపం దాకా ఎక్కి ఆగిపోవచ్చు. పై 51 మీటర్లతో పోలిస్తే ఈ ఎత్తు చాలా తక్కువ, ప్రయాసకు ఎక్కువ ఫలం ఇక్కడే.

మొజాయిక్ ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపేయండి. గాజు ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో కోణంలో అతికి ఉంటాయి. ఫ్లాష్ వేస్తే ఐదారు ముక్కలు తెల్లగా భగ్గుమని మిగతాదంతా నల్లబడుతుంది. ఎండ నేరుగా పడని వైపు నుంచి మొదలుపెట్టి చుట్టూ నడవండి.

మెట్లలెక్క:
చలువరాయి గారి సలహా బాగుంది. మోకాళ్ళ విషయంలో ఒకటి చేర్చాలి: ఎక్కడం కంటే దిగడమే కష్టం. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, ఆగితే సర్దుకుంటుంది. దిగేటప్పుడు ప్రతి అడుగుకూ ఒంటి బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. పైగా ఒకే వైపు తిరుగుతూ దిగాలి కాబట్టి ఒక కాలు మీదే ఎక్కువ ఒత్తిడి. ఎక్కడమే కష్టంగా ఉన్నవాళ్ళు “ఎలాగో ఎక్కేశాం, దిగడం ఎంతసేపు” అనుకుంటారు. 285 మెట్లు దిగాక నేల మీద నిలబడితే తొడలు వణుకుతాయి. వెంటనే సొరంగం మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలని మరిచిపోకండి. దీవి మీద పది నిమిషాలు కూర్చుని కదలండి.

దిగేటప్పుడు పాటించాల్సినవి: ఫోను జేబులో, ఒక చెయ్యి ఖాళీగా. ఎదురొచ్చేవారికి దారివ్వాలంటే గోడకు ఆనుకుని ఆగండి, లోపలి సన్నటి అంచుకు జరగొద్దు. వీపు సంచీ వెనక కాకుండా ముందు వేసుకుంటే ఎదుటివారికి తగలదు. కాళ్ళకు పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. వాన రోజు తడి బూట్లతో అందరూ ఎక్కి దిగుతుంటే రాతి మెట్లు జారుతాయి.

స్ప్రీగట్టు:
చక్రాల కుర్చీ, పసిపిల్లల బండి సంగతి కూడా అడగకముందే చెప్పేస్తాను. స్తంభంలోనే కాదు, సొరంగాలకూ మెట్లే. బండిని ఇద్దరు పట్టి మోయాలి. లేదంటే ఒకరు వలయం బయట పార్కులో ఆగి, వంతులవారీగా వెళ్ళి రావాలి. సైకిళ్ళు కూడా బయటే తాళం వేసి వదలాలి.

బాటసారి:
ఎత్తు భయం ఉన్నవారి మాట?

మెట్లలెక్క:
మెట్ల మీద భయం పుట్టదు, గోడల మధ్యలో ఉంటారు, కింది లోతు కనబడదు. ఇరుకంటే పడనివారికి మాత్రం అదే ఇబ్బంది. పైకి రాగానే ఒక్కసారిగా ఆకాశం, గాలి, కమ్మీలు. స్తంభం చుట్టూ ఇరుకైన దారి. వీపు స్తంభం రాతికి ఆనించి, ముందు దూరంగా ఉన్నవాటిని చూడాలి. కమ్మీల దగ్గరికి వెళ్ళి నేరుగా కిందికి చూడొద్దు, తిరిగే కార్లు తల తిప్పేస్తాయి. భయం ఉన్నవారిని రద్దీ వేళ తీసుకెళ్ళొద్దు. వెనక్కి తిరగాలన్నా ఎదురుగా మనుషులు వస్తుంటారు. తెరిచిన మొదటి అరగంటలో వెళ్తే మెట్లు దాదాపు ఖాళీ.

దూరదృష్టి:
పైనుంచి ఏం కనిపిస్తాయో దిక్కులవారీగా చెప్తే ఉపయోగం.

తూర్పు: 17 జూన్ వీధి గీత గీసినట్టు పోయి 2 కి.మీ. దూరాన బ్రాండెన్‌బుర్గ్ గేటుకు తగులుతుంది. దాని వెనక 368 మీటర్ల టీవీ టవర్. ఈశాన్యం: చెట్ల మధ్య తెల్లగా బెల్‌వ్యూ ప్రాసాదం, జర్మనీ అధ్యక్షుడి అధికార నివాసం. ఇంకా అవతల రైఖ్‌స్టాగ్ గాజు గోపురం, 42 మీటర్ల నల్లటి గంటల గోపురం (లోపల 68 గంటలు వేలాడతాయి). వాయవ్యం: హాన్సా పేట భవనాలు, 1957 వాస్తు ప్రదర్శన కోసం కట్టినవి. పడమర: అదే వీధి ఎర్న్‌స్ట్ రాయిటర్ ప్లాట్స్ కూడలి వైపు. నైరుతి: కైజర్ విల్‌హెల్మ్ చర్చి విరిగిన శిఖరం. ఆగ్నేయం: పోట్స్‌డామర్ ప్లాట్స్ ఎత్తైన భవనాలు.

అయితే ఎక్కువ భాగం కనిపించేది చెట్లే. 210 హెక్టార్ల పార్కు. ఆ అడవిని చూసి శతాబ్దాల నాటిదనుకోవద్దు. యుద్ధం చివర్లో, ఆ తర్వాతి చలికాలాల్లో వంటచెరకు కోసం నరికేస్తే 2,00,000 చెట్లలో 700 మాత్రమే మిగిలాయి. 1949లో మళ్ళీ నాటడం మొదలుపెట్టారు. మీరు చూసే పచ్చదనం వయసు అంతే. ఆకురాలిన కాలంలో వెళ్తే ప్రాసాదం, విగ్రహాలు, దారులు బాగా బయటపడతాయి. ఎండాకాలంలో పచ్చటి దుప్పటి. ఊరు చూడాలంటే చలికాలం, పార్కు చూడాలంటే మే నెల.

కెమెరాకన్ను:
పొద్దునా సాయంత్రమా అన్నదానికి నా లెక్క ఇదీ. పైనుంచి తూర్పు వైపు గేటు, టవర్ తీయాలంటే మధ్యాహ్నం తర్వాత. పొద్దున సూర్యుడు అటే ఉంటాడు కాబట్టి ఊరంతా మసకగా వస్తుంది. కింద నుంచి స్తంభం తీయాలంటే సాయంత్రం పడమటి పక్క నిలబడండి. ఎండ మీ వీపు మీద, వెలుగు బంగారం మీద. చలికాలం తొందరగా మూసేస్తారు, ఎండాకాలం ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. కాబట్టి డిసెంబర్‌లో “సాయంత్రం వెలుగు” కోసం ఆగితే మెట్ల తలుపు మూసుకుపోతుంది. ముందు ఎక్కండి, తర్వాత కింద ఫోటోలు.

స్తంభం మొత్తం ఒకే ఫోటోలో రావాలంటే ఎంత దూరం? ఫోను ప్రధాన కెమెరా సాధారణంగా 26 మి.మీ. లెన్సుకు సమానం. నిలువుగా పట్టుకుంటే పైకీ కిందికీ కలిపి సుమారు 69 డిగ్రీలు చూస్తుంది. ఫోను వంచకుండా నిటారుగా పట్టుకుంటే, 67 మీటర్ల ఎత్తు పట్టడానికి దాదాపు 97 మీటర్ల దూరం కావాలి. వలయం మధ్య నుంచి అంచుకు 100 మీటర్లు. అంటే బయటి కాలిబాట మీద నిలబడితే సరిగ్గా అంచుకు అంచు పడుతుంది. దీవి మీద నిలబడి తీస్తే ఫోను వెనక్కి వంచక తప్పదు. అప్పుడు స్తంభం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది, దేవత తల గింజంత అవుతుంది. 0.5 లెన్సు (ఎక్కువ వెడల్పు చూసేది) వాడితే పడుతుంది గానీ వంకర ఇంకా ఎక్కువ.

పైన కమ్మీల సందులోంచి తీయాలంటే లెన్సును సందుకు ఆనించండి. దూరంగా నిలబడి తీస్తే ఫోను ఆ కమ్మీల మీదే ఫోకస్ పెట్టి ఊరిని మసక చేస్తుంది. ఫోను తాడు మణికట్టుకు కట్టుకోండి, గాలి ఉంటుంది.

చలువరాయి:
దేవతను పైనుంచి తీద్దామని ఆశ పెట్టుకోకండి. మీరు ఆమె కాళ్ళ కింద ఉంటారు, చీర మడతల్లాంటి వస్త్రం అడుగుభాగం కనిపిస్తుంది అంతే. ఈ దేవత, అంటే విక్టోరియా విగ్రహం, శిల్పి ఫ్రీడ్రిష్ డ్రాకె చేసింది. ఎత్తు 8.3 మీటర్లు, బరువు 35 టన్నులు, బోలు కంచు. ఒక చేతిలో ఆకుల వలయం, ఇంకో చేతిలో ఇనుప శిలువ గుర్తున్న దండం. ముఖానికి నమూనా శిల్పి కూతురే అంటారు. ఊళ్ళో వాళ్ళు ముద్దుగా “గోల్డ్ ఎల్జె” అంటారు, బంగారు ఎల్జె అని. మెరుపు రంగు కాదు, బంగారు రేకు. 2010–11 మరమ్మతుల్లో కొత్తగా రేకు అతికించారు, మొత్తం 1.2 కిలోల బంగారం. 35 టన్నుల కంచుకు 1.2 కిలోలు! రేకు ఎంత పలచనో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. వాన, పొగ, మంచు కలిసి అరగదీస్తాయి కాబట్టి కొన్ని దశాబ్దాలకోసారి ఈ పని తప్పదు.

నడకదారి:
తారీఖు చూసుకోండి, ముఖ్యం. 17 జూన్ వీధి ఊరికి పెద్ద సభాస్థలి. సెప్టెంబర్ రెండో సగంలో ఒక ఆదివారం బెర్లిన్ మారథాన్ ఇక్కడే మొదలవుతుంది, పరుగు స్తంభానికి రెండు పక్కలా చీలి పోతుంది. జూలైలో ప్రైడ్ ఊరేగింపు, ఫుట్‌బాల్ పోటీలప్పుడు అభిమానులు ఆట చూడ్డానికి పెద్ద తెరలు, కొత్త సంవత్సరం వేడుకలు. 2008 జూలై 24న ఒబామా మాట్లాడినప్పుడు 2 లక్షల మంది పైనే ఈ వీధిలో నిలబడ్డారు. ఇలాంటి రోజుల్లో వీధి మూసేస్తారు, 100 నంబరు బస్సు దారి మార్చుకుంటుంది. అడ్డుగోడలు రెండు రోజుల ముందే వచ్చేస్తాయి కాబట్టి పండగ రోజు ఒక్కటే తప్పిస్తే చాలదు. ఆ రోజుల్లో హాన్సాప్లాట్స్ నుంచి నడిచి రావడమే నమ్మకమైన దారి.

పాతపటం:
నడకదారి గారూ, గేటు వైపు నుంచి నడిచి రమ్మనండి వాళ్ళని. 2 కి.మీ. నేలబారు నడక, అరగంట. దారిలో రెండో విజయ స్మారకం తగులుతుంది: సోవియట్ సేనలది. 1945 నవంబర్ 11న ఆవిష్కరించారు. ముందు రెండు టీ-34 ట్యాంకులు, రెండు ఫిరంగులు, వంపు తిరిగిన స్తంభాల వరుస, మధ్యలో సైనికుడు. సోవియట్‌లది అయినా ఆ చోటు యుద్ధం తర్వాత బ్రిటిష్‌వాళ్ళ అధీనంలోకి వచ్చిన బెర్లిన్ భాగంలో ఉంది. ఒకే పార్కులో, ఒకే వీధి మీద, గెలిచినవారి స్తంభం ఒకటి, అదే ఊరిని గెలిచినవారి స్తంభం ఒకటి. వరుస ఇలా పెట్టుకోండి: ముందు ప్లాట్స్ డెర్ రిపబ్లిక్ (స్తంభం పాత చోటు, ఇప్పుడు ఖాళీ పచ్చిక), తర్వాత సోవియట్ స్మారకం, చివర గ్రోసర్ ష్టెర్న్.

దూరదృష్టి:
అంత నడిచి ఆపైన 285 మెట్లా? మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఆ వరుస పనికిరాదు. బస్సులో వచ్చి, స్తంభం చూసి, ఓపికుంటే తిరుగు దారిలో గేటు వైపు నడవడమే మేలు. కాళ్ళు మొరాయిస్తే ప్రాసాదం దగ్గరే మళ్ళీ 100 ఎక్కొచ్చు.

పాతపటం:
ఒప్పుకుంటాను. చరిత్ర వరుస కన్నా మోకాలు ముఖ్యం.

బాటసారి:
అయితే ఇలా అనుకుంటున్నాం. పొద్దున తెరవగానే చేరాలి. ఇద్దరు నేరుగా పైకి, ఒకరు మండపం దాకా, ఎత్తు భయం ఉన్నవారు కింద శిల్పాల దగ్గర. అరగంట తర్వాత కలిసి పీఠం చుట్టూ మరోసారి. ఆ తర్వాత బిస్మార్క్. తిరుగు దారి బస్సులోనా నడకా అన్నది అప్పుడు చూసుకుంటాం. ఎక్కడ కలవాలో చెప్పండి. దీవి మీద అన్ని వైపులా ఒకేలా ఉంటుందన్నారు కదా.

స్ప్రీగట్టు:
“స్తంభం కింద కలుద్దాం” అని మాత్రం అనుకోకండి, చుట్టూ ఒకరినొకరు వెతుక్కుంటూ తిరుగుతారు. బ్రాండెన్‌బుర్గ్ గేటు చెక్కిన శిల్పం ముందు అనుకోండి. అది ఒక్క వైపే ఉంది.

రాతిచూపు:
కింద ఉండేవారికి ఒక పని అప్పగించండి: నాలుగు శిల్పాల్లో తల లేని బొమ్మలు ఎన్నో లెక్కపెట్టమనండి. అరగంట ఇట్టే అయిపోతుంది. మెట్లలోకి వెళ్ళే ముందు నీళ్ళు తాగి సీసా వాళ్ళ దగ్గరే వదిలేయండి, చేతులు ఖాళీగా ఉంటాయి. ఉరుములుంటే ఆ రోజు పైకి వద్దు. అది చుట్టుపక్కల చెట్లన్నిటి కంటే ఎత్తు, నెత్తిన లోహం.